విజిల్ వచ్చేదాకా మీ పని మీరు చూసుకోండి

మా ఊరి పురపాలక సంఘం కార్యాలయంలో బల్లలు ఎందుకు లేవని చాలామంది అడుగుతూ ఉంటారు. నిలబడి నిలబడి కాళ్ళు లాగినవాళ్ళు కొంచెం కటువుగానే అడుగుతారు. ఆ బల్లలు తీయించింది నేనే. కావాలని చేయలేదు. ఒక సభలో లేచి నాలుగు మాటలు మాట్లాడబోయి, రెండు మాట్లాడి, రెండు మింగేశాను. మింగిన రెండే అసలైనవని తరవాత తెలిసింది.

ఫిబ్రవరి నెలలో మా గేటు ముందు గుంత తవ్వారు. కుళాయి గొట్టం అతుకు దగ్గర నీళ్ళు కారుతున్నాయి, మారుస్తామన్నారు. నడుం లోతు, గేటంత వెడల్పు. దాని మీద ఒక చెక్క అడ్డంగా పడేసి వెళ్ళిపోయారు. మా వారు, నేను, కాలేజీలో కంప్యూటర్లు చదువుతున్న మా అమ్మాయి దివిజ ఆ చెక్క మీద నడవడం నేర్చుకున్నాం. మా అత్తగారు నేర్చుకోలేకపోయారు. ఆవిడకి డెబ్భై ఆరేళ్ళు, రెండు మోకాళ్ళూ అరిగాయి.

ఆవిడ వెళ్ళవలసింది దూరమేమీ కాదు. ఎదురిల్లు. ఆ ఇంట్లో ఖాతూన్ గారు ఉంటారు. ముప్ఫై ఏళ్ళుగా రోజూ సాయంత్రం నాలుగింటికి ఇద్దరూ కూర్చుని అష్టాచెమ్మా ఆడతారు. ఇదివరకు ఒకరోజు ఇక్కడ, ఒకరోజు అక్కడ. ఆ మధ్య ఖాతూన్ గారు బాత్రూములో జారిపడి తుంటి ఎముక విరిగి మంచం మీద ఉన్నారు కాబట్టి, ఇక మా అత్తగారే వెళ్ళాలి. గుంత తవ్విన రోజుకి ఆట మధ్యలో ఉంది. అత్తగారికి ఒక్క కాయే మిగిలింది. గవ్వలు వేసినప్పుడు రెండు పడితే అదీ పండిపోతుంది.

"వదినా, నీ కాయ కదపలేదులే. పీట మీద గుడ్డ కప్పి ఉంచాను," అని ఖాతూన్ గారు కిటికీ పక్క మంచంలోంచి కేకేసేవారు.

"కప్పితే కప్పావు గానీ, గుడ్డ కింద చెయ్యి పెట్టకు," అని అత్తగారు గేటు దగ్గర నుంచి అనేవారు.

మా వారు ఇంకో చెక్క తెచ్చి మొదటిదాని పక్కన వేశారు. మర్నాటికి దాన్ని ఎవరో పట్టుకుపోయారు. ఎత్తుకుని దాటిస్తానమ్మా అన్నారు. ఆవిడ చూసిన చూపుకి మళ్ళీ ఆ మాట అనలేదు. మనమే పూడ్చేద్దామంటే, పురపాలక సంఘం గుంతని పౌరులు పూడ్చడం నేరమని గుంత పక్కనే బోర్డు పెట్టారు. గుంత చుట్టూ కంచె పెట్టలేదు గానీ బోర్డు పెట్టారు.

సరే, పురపాలక సంఘం వెబ్ పేజీలో ఫిర్యాదు చేద్దామని కూర్చున్నాను. నేను బీయస్సీ చదివి, ఆపైన కంప్యూటర్లలో డిప్లొమా కూడా చేసినదాన్ని. ఆ సర్టిఫికెట్ పట్టుచీరల కింద ఉంది, చీరలకి మడత పడకుండా బాగా ఉపయోగపడుతోంది. పేజీలో ఇంటి నంబరు కొట్టి మీట నొక్కాను. పేజీ మొత్తం తెల్లబడిపోయి ఒక చక్రం తిరగడం మొదలుపెట్టింది. అది తిరిగినంతసేపూ ఇంకో అక్షరం కొట్టడానికి లేదు. ఇరవై నిమిషాలు తిరిగాక కరెంటు పోయింది.

"అమ్మా, ఇది పాతకాలం పేజీ," అంది దివిజ. "అవతలి కంప్యూటరులో ఉన్న సర్వీసుని అడిగి, జవాబు వచ్చేదాకా రాయిలా నిలబడిపోతోంది. ఇప్పుడెవరూ అలా రాయరు. అసింక్రనస్‌గా అడుగుతారు. అంటే అడగడం అడిగేసి పేజీ తన పని తను చూసుకుంటుంది. జవాబు వచ్చినప్పుడు ఆ ముక్క మాత్రం మారుతుంది. కాకపోతే రెండు సంగతులు ముందే రాసి పెట్టుకోవాలి. జవాబు వస్తే ఎవరు అందుకోవాలి, రాకపోతే ఏం చెయ్యాలి."

నాకు బాగా అర్థమైంది. అంత బాగా అర్థమవడమే కొంప ముంచింది.

ఆ వారమే పురపాలక సంఘంలో ప్రజా సూచనల సభ జరిగింది. కొత్తగా వచ్చిన కమిషనర్ గారికి సంస్కరణలంటే ఇష్టం. అంతకుముందు పనిచేసిన ఊళ్ళో ఫైళ్ళన్నిటికీ అక్షరక్రమంలో రంగులు వేయించారట. నేను లేచి వెబ్ పేజీ సంగతి చెప్పాను. చెబుతుంటే వెనక కూర్చున్నవాళ్ళకి అర్థం కావడం లేదని కనిపించింది. అర్థమయ్యేటట్టు చెప్పాలనే దుర్గుణం నాకు చిన్నప్పటినుంచీ ఉంది.

"పొయ్యి మీద కుక్కర్ పెట్టి దాని ముందు నిలబడం కదండీ," అన్నాను. "అటు తిరిగి కూర తరుక్కుంటాం. విజిల్ వస్తే ఇటు తిరుగుతాం. పేజీ కూడా అలాగే ఉండాలి."

కమిషనర్ గారు కళ్ళజోడు తీశారు. "ఎవరి కోసమూ ఎవరూ వేచి ఉండనక్కరలేదంటారు," అన్నారు.

"అవునండీ. అయితే..."

చప్పట్లు కొట్టారు. నా జీవితంలో నా మాటకి చప్పట్లు పడటం అదే మొదలు. మా ఇంట్లో నేను చేసిన గుత్తివంకాయకి కూడా ఎవరూ కొట్టలేదు. 'అయితే' తరవాత చెప్పవలసినవి రెండున్నాయి. విజిల్ వస్తే పొయ్యి ఎవరు కట్టేయాలి, రాకపోతే వెళ్ళి ఎప్పుడు చూడాలి. ఆ రెండూ చెప్పేలోగా మిరపకాయ బజ్జీల పళ్ళాలు వచ్చాయి. నేనూ ఒకటి తీసుకున్నాను.

నాలుగో రోజున ఉత్తర్వు వెలువడింది. అసింక్రనస్ అన్న మాటకి తెలుగు కూడా కనిపెట్టారు.

'పౌరుల అమూల్య కాలము నిరీక్షణలో వ్యర్థమగుచున్న విషయము గమనించిన మీదట, అసమకాలిక సేవా ఆవాహన విధానము ఇందుమూలముగా తక్షణమే అమలులోనికి తేబడినది. ఇకపై ఈ కార్యాలయ పరిధిలో ఎవ్వరును ఎవ్వరి కొరకును వేచియుండరాదు.'

వేచి ఉండనివాళ్ళకి బల్లలెందుకని బల్లలు తీసేశారు. వెబ్ పేజీ కూడా మారింది. మీట నొక్కగానే రెప్పపాటులో పచ్చ టిక్కు. కింద ఒక వాక్యం: 'మీ అభ్యర్థన అందినది. విజిల్ వచ్చేదాకా మీ పని మీరు చూసుకోండి.' అది చదివి నేను పొంగిపోయానని ఒప్పుకుంటాను. వంటింటి మాట ఒకటి పరిపాలనలోకి వెళ్ళింది. పక్కవీధి వాళ్ళకి కూడా ఫోను చేసి చూడమన్నాను.

ఫిర్యాదులో కొత్తగా ఒక గడి చేర్చారు. 'ఈలోగా మీరు చేయబోవు పని.' నింపకపోతే పేజీ ముందుకు పోదు. 'బీరకాయలు తరుగుట' అని నింపాను.

రెండు వారాలు గడిచాయి. బీరకాయలు తరిగాను. గుంత అలాగే ఉంది. అత్తగారు నాలుగింటికి ఉతికిన చీర కట్టుకుని, గవ్వల సంచీ పట్టుకుని, గేటు దాకా వెళ్ళి, ఒక కుర్చీ వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టారు. ఇక లాభం లేదని కార్యాలయానికి వెళ్ళాను. జూనియర్ అసిస్టెంటు బంగారయ్య గారు నన్ను చూడగానే లేచి నిలబడ్డారు.

"రండి కుక్కరమ్మ గారూ," అన్నారు.

అప్పటికే నాకు ఆ పేరు స్థిరపడింది.

"మా గుంత ఫిర్యాదు పంపారా అండీ?"

"వచ్చిన నిమిషంలో పంపేశానమ్మా. మూడు సెక్షన్లకీ ఒక్కసారే. గొట్టాలవాళ్ళకి, మట్టివాళ్ళకి, సిమెంటువాళ్ళకి. ఇదివరకైతే ఒకళ్ళయ్యాక ఒకళ్ళకి పంపేవాణ్ణి. ఎంత ఆలస్యం."

"ముందు గొట్టం మార్చాలి కదండీ. తరవాత మట్టి పోయాలి. ఆ తరవాత సిమెంటు."

"అలాగైతే మట్టివాళ్ళు గొట్టాలవాళ్ళ కోసం ఎదురుచూడాలి. ఎదురుచూపు రద్దయింది కదమ్మా. మీరే కదా రద్దు చేయించారు."

"మరి వాళ్ళు ఏమన్నారు?"

"జవాబు వచ్చే ఉంటుంది. నేను పంపినప్పుడు కిటికీ పక్క సీట్లో ఉన్నాను. ఈలోగా నన్ను ఈ సీటుకి మార్చారు. జవాబులు ఆ సీటుకి వెళుతున్నాయి."

కిటికీ పక్క సీటు ఖాళీగా ఉంది. దాని మీద మోచేతి ఎత్తున కాగితాలున్నాయి. "అవే కాబోలు, ఒకసారి చూడకూడదా," అన్నాను.

"చూస్తే ఎదురుచూసినట్టు అవుతుందేమోనని స్పష్టత కోరుతూ పైకి రాశానమ్మా," అన్నారు బంగారయ్య గారు. "ఆ జవాబు కూడా అందులోనే ఉండొచ్చు."

మర్నాడే పనివాళ్ళు వచ్చారు. బంగారయ్య గారిని తప్పుబట్టడానికి లేదు, ఆయన నిజంగానే పంపారు. ముందు సిమెంటువాళ్ళు వచ్చారు. గుంత చుట్టూ రోడ్డంతా శుభ్రంగా సిమెంటు చేసి, గుంత అంచుని బావి గట్టులా చక్కగా మెత్తి, తాపీ కడుక్కుని వెళ్ళిపోయారు. రెండు రోజులకి మట్టివాళ్ళు వచ్చి గుంత పూడ్చారు. ఆ ఉదయం మా అత్తగారు పదకొండింటికే చీర మార్చుకున్నారు. మూడున్నరకి గొట్టాలవాళ్ళు వచ్చి మట్టంతా తోడి, గొట్టం మార్చి, తోడిన మట్టిని ట్రాక్టరులో ఎక్కించుకున్నారు.

"బాబూ, పూడ్చరా?" అన్నాను.

"పూడ్చడం మాది కాదండీ, మట్టివాళ్ళది. వాళ్ళది అయిపోయినట్టుంది."

ఆ సాయంత్రం పేజీలో మూడు పచ్చ టిక్కులు పడ్డాయి. కింద ఇలా ఉంది: 'మీ సమస్య మూడుసార్లు పరిష్కరించబడినది.'

అత్తగారు చీర మడతపెట్టి, గవ్వల సంచీ మేకుకి తగిలించారు. ఆవిడ ఏమైనా అంటే నాకు బాగుండేది.

మళ్ళీ ఫిర్యాదు చేశాను. ఈసారి గుంతతో పాటు ఆ మూడు టిక్కుల గురించి కూడా రాశాను. గడిలో మళ్ళీ బీరకాయలే రాశాను. అలవాటైపోయింది. అయిదో రోజున మోటారు సైకిలు మీద ఒకాయన వచ్చి, చెక్క మీద జాగ్రత్తగా నడిచి లోపలికి వచ్చారు. చేతిలో రిజిస్టరు. మెళ్ళో కార్డు. 'సింహాద్రి, నిరీక్షణ నివారణాధికారి.'

"ఈ ఇంట్లో నిరీక్షణ జరుగుతోందని సమాచారం అందింది," అన్నారు.

"ఎవరన్నారండీ?"

"వయోవృద్ధురాలొకరు ప్రతిదినం నాలుగు గంటలకు గేటు వద్ద ఆసీనులై, గుంత వైపు చూస్తున్నారు. నిజమేనా?"

అత్తగారు లోపలి నుంచి వచ్చారు. "గుంతని చూడటం లేదు నాయనా. ఎదురింటిని చూస్తున్నాను. గుంత మధ్యలో ఉంది."

ఆయన అది యథాతథంగా రాసుకున్నారు. నా వైపు తిరిగారు. "దరఖాస్తులో బీరకాయలు తరుగుట అని ప్రకటించారు. బీరకాయలు చూపించండి."

"తరిగేశానండీ. తినేశాం కూడా."

"ఎప్పుడు?"

"ఆదివారం."

"ఆదివారం నుంచి మీరు ఏ పనిలో నిమగ్నమై ఉన్నారు?"

చాలా పనులే చేశాను. ఇల్లు ఊడ్చాను, బట్టలు ఉతికాను, ఇద్దరికి రెండు రకాల కూరలు వండాను. అవేవీ ప్రకటించలేదు కాబట్టి లెక్కలోకి రావట. ప్రకటించిన పని ముగిశాక మనిషి చేస్తున్నది సాంకేతికంగా ఎదురుచూపేనట. మొదటి తప్పిదం కనుక హెచ్చరికతో వదిలేస్తామన్నారు. నా ఆందోళనలో నేను ఫ్రిజ్‌లోంచి దోసకాయలు తీసి ఆయన ముందే తరగడం మొదలుపెట్టాను. ఆయన కాసేపు చూసి, సంతృప్తిగా సంతకం చేశారు. నాలుగు రోజులు దోసకాయ పప్పు తిన్నాం.

వెళ్ళబోతూ, "మీ రెండో ఫిర్యాదుకి జవాబు వచ్చింది, తెలుసా?" అన్నారు.

"రాలేదండీ."

"మొన్న మధ్యాహ్నం రెండూ పదికి పంపాం. ఆ సమయానికి మీ పేజీ మూసి ఉంది. మూసిన పేజీలోకి జవాబు ఎలా వస్తుంది? మీవంటి విద్యాధికులకి నేను చెప్పాలా?"

"జవాబులో ఏముందండీ?"

"అది మీ వ్యక్తిగత విషయం. మేం చదవం."

ఇలాంటివి చాలా ఇళ్ళల్లో జరిగినట్టున్నాయి. రెండో ఉత్తర్వు వచ్చింది. 'దరఖాస్తుదారులు కార్యాలయమునందు వేచియుండనవసరము లేదు. తమ తమ గృహములయందే యుండి, పేజీ తెరచి యుంచి, దానిపై దృష్టి నిలిపి, జవాబు వచ్చువరకు కదలకుండ తమ పని తాము చూచుకొనవలెను.'

నేను ఫోనులో పేజీ తెరిచి వంటింటి అలమారలో నిలబెట్టాను. దాని మీద దృష్టి నిలిపాను. ఆ రోజు మా కుక్కర్ ఎనిమిది విజిళ్ళు వేసిందట. నేను ఒక్కటీ వినలేదు. మాడు వాసనకి దివిజ పరుగెత్తుకు వచ్చి పొయ్యి కట్టేసింది. మాడిన పప్పుని చూసింది, అలమారలో ఫోనుని చూసింది, నన్ను చూసింది.

"అమ్మా, ఆ సభలో ఆ రెండు సంగతులూ చెప్పావా?"

"బజ్జీలు వచ్చాయే," అన్నాను.

అదే వారం ఎదురింటి కిటికీలోంచి ఖాతూన్ గారి గొంతు వినిపించింది.

"వదినా, శుక్రవారం పొద్దున మా అమ్మాయి కారు తెస్తుందంట. గుంటూరులో నడక నేర్పించే డాక్టరున్నాడంట. మూడు నెలలో, నాలుగో."

అత్తగారు గేటు పట్టుకుని నిలబడ్డారు. "వెళ్ళు మరి. నడవాలిగా."

"పీట కూడా తీసుకుపోనా? కాయలు కదిలితే మళ్ళీ గొడవ పెడతావు."

"ఉంచు. వస్తాను."

అది మంగళవారం. నేను లోపలికి వచ్చి ఒకేరోజు పదకొండు ఫిర్యాదులు పెట్టాను. పదకొండు పచ్చ టిక్కులు వచ్చాయి. పదకొండు రకాల కూరగాయలు ప్రకటించాను.

గురువారం మధ్యాహ్నం మూడింటికి మా వీధిలోకి మట్టి ట్రాక్టరు వచ్చింది. మెల్లగా వస్తోంది గానీ, మా ఇంటి ముందు ఆగేటట్టు లేదు. నేను చూస్తుండగానే అత్తగారు మా వారిని పిలిచి, "ఈ కుర్చీ రోడ్డు మీద వెయ్యరా" అన్నారు. మా వారు చెక్క మీద నుంచి కుర్చీ తీసుకెళ్ళి రోడ్డు మధ్యన వేశారు. ఆ తరవాత ఆవిడ నా భుజం, మా వారి చెయ్యి పట్టుకుని, చెక్క మీద ఒక అడుగు వేశారు. చెక్క ఊగింది. ఆవిడ కాలు వెనక్కి తీసుకున్నారు.

దాంతో ఖాళీ కుర్చీయే ట్రాక్టరుకి అడ్డంగా మిగిలింది. ట్రాక్టరు ఆగింది. మేస్త్రీ దిగాడు.

"ఎవరమ్మా ఈ కుర్చీ?"

"నాదే," అన్నారు అత్తగారు గుంత ఇవతల నుంచి. "నువ్వు ఈ గుంత పూడిస్తే వచ్చి కూర్చుంటాను."

అతను జేబులోంచి కాగితం తీసి చూశాడు. "ఇది పూడ్చేశాం కదండీ. మూడు టిక్కులున్నాయి. మాకు పడింది చివరి వీధి గుంత."

"ఆ వీధిలో గుంత లేదే," అన్నాను. పొద్దున ఆ వీధిలో కూరలు కొన్నాను.

"లేదండీ. తవ్వేవాళ్ళు ఇంకా రాలేదు. పూడ్చమన్న ఉత్తర్వు ముందొచ్చింది."

అప్పుడు నాకు ఆ నెలలో మొదటిసారి బుర్ర పనిచేసింది.

"అయితే ఇప్పుడు అక్కడికి వెళ్ళి ఏం చేస్తారు?"

"తవ్వేదాకా ఉంటాం."

"ఉండటం అంటే ఎదురుచూడటమే కదా. సింహాద్రి గారికి తెలిస్తే?"

మేస్త్రీ ట్రాక్టరు వైపు చూశాడు. ట్రాక్టరు నిండా మట్టి, దానికి గుంత లేదు. మా గేటు ముందు గుంత, దానికి మట్టి లేదు. అతను చాలాసేపు ఆలోచించాడు. చివరికి, "ఈలోగా చేయబోవు పని కింద రాసుకుంటాను," అన్నాడు.

నలుగురు మనుషులు పారలు పట్టారు. గుంత పూడ్చి, కాళ్ళతో తొక్కి, నీళ్ళు చల్లి, మళ్ళీ తొక్కారు. అత్తగారు గేటు దగ్గరే నిలబడి మొత్తం చూశారు. ఆవిడ చూస్తున్నారని వాళ్ళు మూలలు కూడా తొక్కారు. నాలుగింటికి అయిదు నిమిషాలు ఉందనగా ఆవిడ కొత్త మట్టి మీద అడుగుపెట్టి, ఆగి, ఇంకో అడుగు వేసి, రోడ్డు మధ్యనున్న కుర్చీలో కాసేపు కూర్చుని ఊపిరి తీసుకుని, ఎదురింట్లోకి వెళ్ళారు. నేను గవ్వల సంచీ పట్టుకుని వెనకాల వెళ్ళాను.

ఖాతూన్ గారు పీట మీద గుడ్డ తీశారు. కాయ ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది. అత్తగారు వంగి, కళ్ళజోడు సర్ది, దగ్గరగా చూసి, "ఊఁ" అన్నారు. గవ్వలు వేశారు. మూడు పడింది.

"పండలేదు," అన్నారు ఖాతూన్ గారు, ఎంతో తృప్తిగా.

ఆ సాయంత్రం అత్తగారికి మూడు పడింది, ఒకటి పడలేదు గానీ నాలుగు పడింది, ఎనిమిది పడింది. రెండు మాత్రం పడటం లేదు. ఒకరు వేస్తుంటే ఒకరు చేతులు ఒళ్ళో పెట్టుకుని గవ్వల వైపు చూస్తూ కూర్చున్నారు. ఈలోగా చేయబోవు పని ఇద్దరికీ ఏదీ లేదు. నేను వంటకని ఇంటికి వచ్చేశాక, ఏడు గంటలకి రెండు పడింది. ఆ కేక మా ఇంటి దాకా వినిపించింది. ఎవరి కేకో మాత్రం తెలియలేదు.

శుక్రవారం పొద్దున కారు మా కొత్త మట్టి మీద నుంచే వెనక్కి తిరిగింది. చక్రం దిగబడలేదు.

తరవాతి నెలలో అసమకాలిక విధానానికి రూపకర్తనని పురపాలక సంఘం నన్ను సన్మానించింది. శాలువా కప్పి, అయిదు లీటర్ల ప్రెషర్ కుక్కర్ ఇచ్చారు. ఇంటికి తెచ్చి విప్పితే అందులో విజిల్ లేదు. బంగారయ్య గారికి ఫోను చేశాను.

"విజిల్ వేరే సెక్షను నుంచి వస్తుందమ్మా," అన్నారు. "మీరు ఎదురుచూడనక్కరలేదు."

సన్మానం రోజున కమిషనర్ గారు నన్ను పక్కకి పిలిచి, మంచినీటి సరఫరా విషయంలో ఇంకో ఉపమానం ఏదైనా చెప్పమన్నారు. ఇడ్లీ పాత్ర గురించి చెప్పబోయి, నాలుక కరుచుకున్నాను. పొయ్యి మీద పప్పు పెట్టి వచ్చానని చెప్పాను. అది అబద్ధం. ఇంటికి వచ్చి దాన్ని నిజం చేశాను. పాత కుక్కర్లో పప్పు పెట్టి, ఫోను పక్క గదిలో వదిలేసి, పొయ్యి ముందు నిలబడ్డాను. మూడో విజిల్ దాకా అక్కడినుంచి కదలలేదు. వేరే పనేదీ చేయలేదు.